పోలీసు పడవకు దీపాలు బిగించిన వానాకాలం

మొన్న ముసురు పట్టిన రోజున మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్ళు నిలిచి బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయినప్పుడు, నేను కూర్చున్న ఆటో పక్కన ఒక పోలీసు లారీ వచ్చి ఆగింది. దాని మీద నారింజ రంగు రబ్బరు పడవ ఒకటి తాళ్ళతో కట్టి ఉంది, దాని అంచుల వెంట ఎరుపూ నీలమూ దీపాలు టపటపమని వెలిగి ఆరుతున్నాయి. ఆటో అబ్బాయి సంబరంగా ఫోను తీసి వీడియో పట్టుకున్నాడు. నాకు మాత్రం అరచేతుల్లో చెమట పట్టి, చేతిలోని గొడుగు జారిపోయింది. "ఏమైంది తాతా, పానం మంచిగ లేదా?" అని అతను వెనక్కి తిరిగి అడిగితే, ఉక్కగా ఉంది నాయనా అన్నాను. అంత చలి వానలో ఉక్క ఏమిటని అనుకొని ఉంటాడు పాపం. డెబ్బై దాటిన మనిషిని రంగుదీపాలు చూసి భయపడ్డానని ఎలా చెప్పుకోను?

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పోలీసు దీపమంటే ఇలా తళుకుబెళుకుల వరస కాదు. ఎర్రటి బుడ్డి ఒకటి, దాని లోపల ఒకే ఒక్క బల్బు, ఆ బల్బు చుట్టూ చిన్న మోటారుతో గిర్రున తిరిగే అద్దపు రేకు. జీపు మీద అది తిరుగుతూ వస్తోందంటే పత్తర్‌గట్టీలో అత్తరు బేరమాడుతున్న వాళ్ళు కూడా మాట ఆపి పక్కకు ఒదిగేవారు. ఇప్పుడు ప్రతివాడి బండికీ ఏదో ఒక దీపం మిణుకుమంటూనే ఉంటుంది, ఎవరూ ఎవరికీ దారి ఇవ్వరు. ఆ ఎర్ర దీపాలు పాతబస్తీలో ఎన్నో జీపులకు, వ్యాన్లకు నా చేతులతో బిగించాను. ఒకే ఒక్కసారి పడవకు బిగించాను. ఆ పడవ సంగతి మా ఇంట్లో వాళ్ళు వందసార్లు విన్నారు, కానీ వాళ్ళకు తెలిసింది వేరు, జరిగింది వేరు.

డెబ్బైల చివరి సంవత్సరాలు అవి. ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం గోదాముల మధ్య ఒక ఇరుకు మల్గిలో మా ఆటో ఎలక్ట్రిక్ పని నడిచేది. ఎదురుగా మిరపకాయల బస్తాలు దింపినప్పుడల్లా అందరం తుమ్ముతూనే వైర్లు అతికేవాళ్ళం. ఆ దుకాణం యజమానిని నేను చాచా అని పిలిచేవాణ్ణి, ఆయన మా బాపుకు చిన్ననాటి స్నేహితుడు. ఐటీఐ చదివి ఆయన దగ్గర చేరినవాణ్ణి, ఇరవై ఆరేళ్ళు వచ్చేసరికి పని మొత్తం నా మీద వేసుకుని చూసుకునేవాణ్ణి. ఆయనకు కంటిపొరలు వచ్చి చూపు మందగించింది కానీ చెవులు మాత్రం పాముచెవులు. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, పానా తిరిగే చప్పుడు విని, ఏ నట్టు సగమే బిగిసిందో చెప్పేసేవారు.

చాచాకు ఒక పద్ధతి ఉండేది. ఏ బండికి బ్యాటరీ ట్రే బిగించినా, దాని పల్లపు మూలలో అర అంగుళం రంధ్రం ఒకటి, కింది రేకు కూడా తూటు పడేలా వేయించేవారు. వాననీళ్ళు, బ్యాటరీ ఆసిడ్ నిలవ ఉంటే ఇనుము తినేస్తుందని, ఆ రంధ్రం ఉంటే రోడ్డు మీదికి కారిపోతుందని ఆయన లెక్క. మిగతా దుకాణాల వాళ్ళు వేసేవాళ్ళు కాదు, కాబట్టి అది మా చేతి ముద్ర కింద లెక్క. బర్మా అనే మా చేతి డ్రిల్లుతో ఆ రంధ్రం వేశాక, ఇనుప రజను ఊదేసి, అంచుకు గ్రీజు రాయడంతో పని ముగిసేది. అప్పుడు స్టూలు మీంచి ఒకటే ప్రశ్న వచ్చేది. "పానీకు రస్తా దియా క్యా?" నీళ్ళకు దారి ఇచ్చావా అని. "దియా చాచా" అని నేను బదులు చెప్పేవాణ్ణి. ఏడేళ్ళలో ఎన్ని వందలసార్లు ఆ మాట అన్నానో, తలతో పని లేకుండా నోరే చెప్పేసేది, రంధ్రం చెయ్యే వేసేసేది.

నీళ్ళంటే మా ఇంట్లో ఉన్న భయం గురించి కూడా చెప్పాలి. లాల్‌దర్వాజా గల్లీలో మాది మూడు తరాల కిరాయి ఇల్లు. మా నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు మూసీ వరదలో ఒక రాత్రంతా ఎవరిదో మేడ మీద కూర్చుని బతికిందట. ఆ రాత్రి కొట్టుకుపోయిన వాళ్ళ కేకలు ముసలితనంలో కూడా ఆమె చెవుల్లో ఉండేవి. వాన గట్టిగా పడితే చాలు, మమ్మల్నందరినీ మధ్యగదిలో కూర్చోబెట్టి తలలు లెక్కపెట్టేది. నయాపూల్ మీద నిలబడి నీళ్ళను తొంగి చూశానని తెలిసి ఒకసారి నా వీపు చీరేసింది. ఆమె పోయింది కానీ ఆ భయం నాకు వదిలిపెట్టి పోయింది. మోకాలి లోతు నీళ్ళలో దిగాలన్నా నాకు గుండె దడదడలాడేది. ఈత మాట దేవుడెరుగు, మీర్‌ఆలం చెరువుకు వనభోజనాలకు పోతే నేను కట్ట దిగేవాణ్ణి కాను, పులిహోర కూడా కట్ట మీదికే తెప్పించుకునేవాణ్ణి.

మా బావ పోలీసు కానిస్టేబులు, మా అక్క భర్త. నవ్వకుండా ఒక పూట కూడా ఉండలేని మనిషి. వరంగల్ వైపు పల్లెలో పుట్టినా బావి ఈత కూడా నేర్వలేదు. ఆ ఏడు వానలకు ముందు పోలీసులను వరసలో నిలబెట్టి ఈత వచ్చినవాళ్ళు చేయి ఎత్తండి అన్నారట. అటు ఇటు ఉన్నవాళ్ళు ఎత్తారని ఈయనా ఎత్తాడు. కొత్తగా వచ్చే పడవ మీద డ్యూటీ అని తరువాత తెలిసింది. ఆ సంగతి నాకొక్కడికే చెప్పి, "మీ అక్కకు చెప్పకు, ఫికర్ చేస్తది" అని నవ్వాడు. అక్క అప్పటికి ఏడో నెల కడుపుతో మా ఇంట్లోనే ఉంది. నేను చెప్పలేదు.

ఆ పడవను మీర్‌ఆలం చెరువు పక్కన ఒక ప్రహరీ ఆవరణలో ఇటుకల మీద ఎత్తిపెట్టారు. ఇనుప రేకు పడవ, వెనక డీజిల్ ఇంజను, ఎక్కడో జలాశయంలో పాతికేళ్ళు తిరిగి అలిసిపోయినది. కొత్తగా రంగు వేశారు. పోలీసు జీపుల దీపాలన్నీ మా దుకాణంలోనే బిగించేవాళ్ళం కాబట్టి, వాహనాలు చూసే ఎస్సై మమ్మల్ని పిలిపించాడు. పడవకు ఎర్ర దీపం, ముందు సెర్చిలైటు, రెండు పక్కలా పసుపు దీపాలు, ఒక సైరను కావాలన్నాడు. మేం పడవ పని ఎన్నడూ చేయలేదని చాచా నసుగుతుంటే ఆయన విసుక్కున్నాడు. "గింత సోచాయించుడు ఎందుకు? జీపుకు ఎట్ల పెడ్తరో దీనికి గట్లనే పెట్టున్రి. వానలు నెత్తి మీదికొచ్చినయ్."

జీపుకు పెట్టినట్టే పెట్టాను. మూడు రోజులు పట్టింది. ముందు కొసన ఇనుప పైపు నిలబెట్టి దాని తలమీద ఎర్ర దీపం బిగించాను. ఆ పైపు పక్కనే చిన్న చెక్కబల్ల ఒకటి ఉంటే, దాని కింద ట్రే పెట్టి బ్యాటరీ కూర్చోబెట్టాను. నేల మీద ఇటుకల మీద ఉన్న పడవలోనే నాకు భయం వేసిందంటే మీరు నవ్వుకుంటారు. ఎప్పుడు పక్కకు ఒరుగుతుందో అని ఒక చేత్తో అంచు పట్టుకునే ఉన్నాను. త్వరగా ముగించి దిగిపోదామన్న ఆత్రం తప్ప వేరే ఆలోచన లేదు. మూడో రోజు సాయంత్రం, వేపచెట్టు కింద కూర్చున్న చాచా అడగాల్సింది అడిగారు, నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ వెంటనే పడవ దిగి, నేల మీద కాళ్ళు ఆనించి, హమ్మయ్య అనుకుని గోల్డ్‌ఫ్లేక్ ఒకటి వెలిగించుకున్నాను.

మర్నాడు చెరువులో దింపి చూశారు. ఎస్సై, ఇంజను నడిపేవాడు, ఇద్దరు కానిస్టేబుళ్ళు ఎక్కారు. నన్నూ ఎక్కమన్నారు, కడుపు నొప్పి అని తప్పించుకుని కట్ట మీద నిలబడ్డాను. మబ్బుల కింద చెరువు నల్లగా ఉంది. ఆ నలుపు మీద ఎర్ర వెలుగు ఒక చుట్టు చుట్టి రావడం, గట్టున ఉన్న జనం చప్పట్లు కొట్టడం చూసి గర్వపడ్డానని ఒప్పుకోవాలి. ఇంజను బరువుకు వెనక భాగం నీళ్ళలో దిగి, ముందు కొస పైకి లేచి ఉంది. పడవ లోపల చుక్క నీరు రాలేదు. ఎస్సై దిగివచ్చి చాచా భుజం తట్టి అందరికీ చాయ్ తెప్పించాడు. ఆ రోజు చాచా ఇంటికి నడిచిపోతూ దారిలో ప్రతివాడినీ ఆపి, మా పిల్లగాడు కిష్తీకి బత్తీ లగాయించాడని చెప్పుకున్నారు.

తరువాత పది పదిహేను రోజులకు వాన పట్టుకుంది. రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. పైన జలాశయాల గేట్లు ఎత్తుతారని రేడియోలో చెప్పారు. ఆ పొద్దున బావ తడిసిన రెయిన్‌కోటుతో ఇంటికి వచ్చి, నిలబడే రెండు ఇడ్లీలు నోట్లో వేసుకుని, పడవను చాదర్‌ఘాట్ వంతెన దగ్గరికి లారీ మీద తెచ్చారని, దిగువ బస్తీలోకి నీళ్ళొచ్చాయని, జనాన్ని ఎక్కించుకు రావాలని చెప్పి వెళ్ళిపోయాడు. అక్క గుమ్మం దాకా వెళ్ళి "పైలం" అంది. ఆయన మీసం మెలేసి నా వైపు చూసి కన్ను గీటాడు. ఆ కన్ను గీటడం వెనక ఏముందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నాకు అన్నం సయించలేదు. నేను దుకాణానికి పోయాను.

ఆ పూట ఒక టాక్సీ వచ్చింది. ట్రే తుప్పు పట్టి ఊడిపోతే కొత్తది బిగిస్తున్నాను. బయట వాన, లోపల పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. నా చెయ్యి బర్మా అందుకుంది, మూలలో రంధ్రం వేసింది, నేను వంగి రజను ఊదాను. ఊదిన రజను గాల్లో లేచి నా ముంజేతి మీద పడగానే బర్మా కింద పెట్టేశాను. పడవలో కూడా ఇలాగే ఊదాను కదా?

ఊదానా? ఎంత గింజుకున్నా గుర్తు రాదు. కళ్ళు మూసుకుంటే చెక్కబల్ల కింద మోకాళ్ళ మీద కూర్చోవడం గుర్తుంది, పడవ ఒరుగుతుందేమోనన్న దిగులు గుర్తుంది, "దియా చాచా" అన్నదీ గుర్తుంది. కానీ ఆ మాట నేను వేసినా అంటాను, వేయకున్నా అంటాను. చెరువులో నీళ్ళు రాలేదు కదా అని ఒకసారి ధైర్యం చెప్పుకున్నాను. వెంటనే, ఆ రోజు నలుగురే ఎక్కారు, ముందు కొస పైకి లేచి ఉంది, ఇవాళ బస్తీ జనం పాతికమంది ఎక్కితే ఆ కొస దిగుతుంది అన్న లెక్క తట్టింది. రోడ్డు మీద నడిచే బండికి నీళ్ళు బయటికి పోవడానికి వేసే రంధ్రాన్ని నీళ్ళ మీద నడిచేదానికి వేశాను. మెకానిక్కుల పిల్లకాయ కూడా చేయని పని, నేను చేశాను. లేదా చేయలేదు. ఆ తెలియకపోవడమే ప్రాణం తీసింది.

చాచాకు చెప్పి ఉండవలసింది. ఆయన నాలుగడుగుల దూరంలోనే ఉన్నారు. కానీ ఆయన మొహం చూసి, అక్కకు బాగా లేదట, ఇంటికి పోయొస్తానని అబద్ధం చెప్పాను. "జా బేటా, జల్దీ జా" అని ఆయన తన గొడుగు కూడా ఇచ్చారు. నేను నాలుగు సూతుల బోల్టు, అంటే అర అంగుళానిది, నట్టూ, రెండు వాషర్లూ, పాత ట్యూబు నుంచి కత్తిరించిన రబ్బరు ముక్కా, ఒక పానా జేబులో వేసుకుని సైకిలెక్కాను. గొడుగు అక్కడే మరిచిపోయాను.

ఉస్మాన్‌గంజ్ నుంచి చాదర్‌ఘాట్ ఎంతో దూరం లేదు, కానీ ఆ దారి ఎంత పొడుగనిపించిందో చెప్పలేను. నేల మీద సైకిలు తొక్కుతున్నానే గానీ, పక్కన మూసీ హోరు వింటుంటే నాయనమ్మ చెప్పిన కేకలన్నీ వినబడుతున్నట్టే ఉంది. వంతెన దగ్గర సైకిలు గోడకు పడేసి జనాన్ని తోసుకుంటూ దిగాను. ఎప్పుడూ నాలుగు పాయలుగా పారే మూసీ ఆ రోజు గట్టు నుంచి గట్టుకు మట్టిరంగులో కదులుతోంది. బస్తీలో రేకుల కప్పులు మాత్రమే పైకి కనబడుతున్నాయి, కప్పుల మీద మనుషులు, మేకలు. వాటి మధ్య నుంచి మా ఎర్ర దీపం గిరగిర తిరుగుతూ వస్తోంది.

పడవ గట్టుకు చేరింది, ఆరేడుగురిని దింపారు. ముందు కొస ఇంకా పైకే ఉంది. బావ ఆ చెక్కబల్ల మీదే కూర్చుని పిల్లల్ని చేతులందించి దింపుతున్నాడు. గట్టు మీద నాకు అడుగు దూరంలో ఎస్సై నిలబడి కేకలు పెడుతున్నాడు. నన్ను చూశాడు.

"ఏందివయా, నువ్వెందుకొచ్చినవ్ ఈడికి?"

అప్పుడు చెప్పాలి. సాబ్, పడవ ఆపండి, అడుగున నేను రంధ్రం వేశానేమో, అని పది మాటలు. అంతే కదా. కానీ ఆ రోజుల్లో పోలీసంటే ఏమిటో నా ఈడు వాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. ఠాణా గదిలో గోడకు ఆనించి నిలబెట్టి, ఎవరు చేయమన్నారు, ఎందుకు చేశావు అని అడుగుతున్నట్టు నాకు కళ్ళకు కట్టింది. చాచాను కూడా లాక్కొస్తారు, ఆయన చూపు ఆనని మనిషి, ఆయన మతం చూసి ఇంకెన్ని మాటలంటారో. ఇదంతా చాచా కోసం ఆలోచించానని చెప్పుకుంటే బాగుంటుంది. నిజం ఏమిటంటే నేను నా కోసమే భయపడ్డాను.

"లైట్లు మంచిగ తిరుగుతున్నయా లేదా చూసి పోదామని వచ్చిన సాబ్" అన్నాను.

"మంచిగనే తిరుగుతున్నయ్. పక్కకు జరుగు."

జరిగాను. పడవ మళ్ళీ బయలుదేరింది. నేను బావా అని అరిచాను, గొంతు చించుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే సైరను మోగింది. నేనే ఏరి తెచ్చి, చెవులు పగిలేటట్టు మోగాలని బిగించిన సైరను. బావ నన్ను చూసి, దీపం భేషుగ్గా ఉందన్నట్టు చేయి ఊపాడు.

ఆ ఒక్క ట్రిప్పు ఎంతసేపు పట్టిందో, పావుగంటో అరగంటో, నాకు తెలియదు. పడవ కప్పుల వెనక్కి పోయి కనబడకుండా పోయింది. ఎర్ర వెలుగు మాత్రం అప్పుడప్పుడు తడిగోడల మీద మెరిసి పోయేది. అది మెరిసినంతసేపు బతికే ఉన్నారని, మెరవకపోతే అయిపోయిందని నాలో నేను లెక్క పెట్టుకుంటూ నిలబడ్డాను. మెరిసింది. మళ్ళీ మెరిసింది. తరువాత చాలాసేపు మెరవలేదు. నాకు ఏ దేవుడూ గుర్తు రాలేదు, మహంకాళి అమ్మవారి గుడి పక్క గల్లీలో పుట్టి పెరిగినవాణ్ణి, ఒక్క మొక్కు కూడా నోటికి రాలేదు. అక్క కడుపులో బిడ్డ తండ్రిని చూస్తుందా అన్న ఒక్క ఆలోచనే తిరుగుతోంది. పక్కనే ఉన్న ఎస్సైకి ఇప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. తిరిగి వస్తే చెప్పే అవసరమే ఉండదు కదా అని, ఛీ, అలా కూడా అనుకున్నాను.

పడవ వచ్చింది. నిండా జనం, అంచు దాకా దిగి, ముందు కొస ఇప్పుడు నీళ్ళకు ఆనుకుని ఉంది. బావ బల్ల మీద లేడు. బల్ల పక్కన కింద కూర్చుని, ఒక చెయ్యి బల్ల కిందికి పెట్టి, రెండో చేత్తో ఒక ముసలామెను పట్టుకుని ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. ఆ వంగిన భుజం చూడగానే నాకు తెలిసిపోయింది, రంధ్రం నేను వేశాను.

జనమంతా దిగేదాకా ఆయన కదలలేదు. అందరూ దిగాక నన్ను కళ్ళతోనే దగ్గరికి రమ్మన్నాడు. పడవలో పిక్కల దాకా నీళ్ళున్నాయి. వాననీళ్ళే అనుకున్నారు అందరూ. బావ మొహం నవ్వుతూనే ఉంది కానీ పెదవులు తెల్లగా పాలిపోయాయి.

"లొల్లి చెయ్యకు బామ్మర్ది. ఏదో రివిట్ ఊడినట్టున్నది. ఏలు పెట్టి కూసున్న. జనానికి తెలిస్తే అందరు ఒక్క దిక్కే లేస్తరు, బోర్ల పడ్తది."

చెయ్యి బయటికి తీశాడు. చూపుడు వేలు చుట్టూ రేకు అంచు కోసి తోలు లేచిపోయింది. ఈత రాని మనిషి, అరగంట సేపు, చుట్టూ ఆ నీళ్ళు పెట్టుకుని, నేను వేసిన రంధ్రంలో వేలు పెట్టి కూర్చుని జనాన్ని నవ్వించాడు. నేను జేబులోంచి బోల్టు తీశాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"నీ జేబుల బోల్టు ఎట్లున్నదిరా?"

"పనోళ్ళ జేబుల బోల్టు ఉండదా బావా" అన్నాను.

బోల్టును బయటి నుంచి దూర్చాలి, నట్టు లోపల నుంచి బిగించాలి. అంటే ఒకరు నీళ్ళలోకి దిగాలి. నేను దిగాను. ఒక చేత్తో పడవ తాడు పట్టుకుని, మొలలోతు, తరువాత రొమ్ములోతు దిగి, ముందు కొస కింద చేత్తో తడుముకున్నాను. మట్టినీళ్ళలో ఏమీ కనబడదు, కాళ్ళ కింద నేల జారిపోతోంది, ఏదో మెత్తటిది వచ్చి నడుముకు తగిలి పోయింది. వేలికి రంధ్రం దొరికింది. అంచుకు గ్రీజు ఇంకా జిగురుగా ఉంది. మా దుకాణం గ్రీజు. రబ్బరు ముక్క తొడిగి బోల్టు దూర్చి పట్టుకుంటే, లోపల నుంచి బావ పానాతో బిగించాడు. పక్క దీపం వైరు లూజయింది, మా బామ్మర్ది చూస్తున్నాడని ఆయన ఎస్సైకి కేక వేసి చెప్పాడు. నన్ను గట్టు మీదికి లాగినప్పుడు పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎస్సై నా వీపు చరిచి, పనివాడంటే ఇట్లుండాలె, వానల ఉరికొచ్చి సూసుకుంటుండు అని పక్కవాళ్ళకు చూపించాడు.

నీళ్ళు తోడిపోసి ఆ పడవ మళ్ళీ పోయింది. సాయంత్రం దాకా ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్క పెట్టలేదు. ప్రతిసారీ నిండుగా వచ్చింది, చుక్క కూడా కారలేదు.

ఆ రాత్రి ఇంట్లో బావ కథ మొదలుపెట్టాడు. రివిట్ ఊడిందని, వేలు పెట్టానని, సరిగ్గా ఆ క్షణానికి బామ్మర్ది జేబులో బోల్టు పెట్టుకుని వానలో ఉరికొచ్చాడని, నీళ్ళంటే చచ్చేంత భయమున్నవాడు తన కోసం మూసీలో దిగాడని. అక్క ఏడుస్తూ నా తల నిమిరింది, అమ్మ నాకు దిష్టి తీసింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను, జ్వరం వచ్చిందనుకున్నారు. నిజంగానే వచ్చింది.

మర్నాటి నుంచి చాచా ఒక పని మానేశారు. బ్యాటరీ బిగించాక, పానీకు రస్తా దియా క్యా అని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు నేను వెళ్ళిపోయాక ఆయన కూడా స్టూలు మీద కూర్చుని లెక్క కట్టుకుని ఉంటారు. నా అబద్ధమూ, మరిచిపోయిన గొడుగూ కలిపి చూసుకుని ఉంటారు. ఆయనకు తెలిసిపోయిన సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఆయన పోయేదాకా ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. రంధ్రాలు మాత్రం వేస్తూనే ఉన్నాను, వేసే ప్రతిసారీ చెయ్యి ఆగేది.

బావకు చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ ఏడు పాప పుట్టినప్పుడు అనుకున్నాను, పాప పెళ్ళిలో అనుకున్నాను, ఆయన రిటైరై ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న రోజుల్లో ఇంకా గట్టిగా అనుకున్నాను. చెబితే ఆయన నవ్వేసేవాడే, నాకు తెలుసు. ఏందిరా గింతదానికి ఇన్నేండ్లు ఫికర్ పడ్డవా అని వీపు మీద ఒకటి వేసేవాడే. కానీ ఆ కథ చెప్పేటప్పుడు ఆయన మొహంలో వచ్చే వెలుగు చూసి, దాన్ని ఆర్పడానికి చేతులు రాలేదు. నాలుగేళ్ళ క్రితం ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో, నర్సుకు కూడా చెప్పాడు, ఈయన నా బామ్మర్ది, మూసీల దిగి నన్ను బతికిచ్చిండు అని. ఆ వేలికి మచ్చ అప్పటికీ ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. 

ఇప్పుడు కాలం ఎంత మారింది. ఉస్మాన్‌గంజ్‌లో మా మల్గి ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. పోలీసు బండ్లకు దీపాలు కంపెనీ నుంచే బిగించుకుని వస్తాయి, ఏ బోల్టు ఎవరి చేత్తో బిగిసిందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ ఎవరికీ ఉండదు. మా కాలంలో పని చేసినవాడి పేరు పనితోపాటు తిరిగేది. మంచికి తిరిగేది, చెడుకూ తిరిగేది. పోలీసంటే ఉన్న భయం ఇప్పటి పిల్లల్లో లేదు, అది పోవడమే మంచిదయింది. ఆ భయమే లేకుంటే ఆ గట్టు మీద నేను పది మాటలు చెప్పి ఉండేవాణ్ణేమో. మూసీ కూడా ఏడాదిలో పది నెలలు మురికి వాసనతో పడి ఉంటుంది, దాన్ని చూసి మా నాయనమ్మలా వణికేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నాకూ నీళ్ళ భయం ఆ రోజుతోనే పోయింది. మిగిలిన భయం వేరే.

మా మేనకోడలికి ఇప్పుడు యాభై దగ్గర పడింది. పండక్కో పబ్బానికో అందరం కలిసినప్పుడు అక్క తప్పకుండా అదే మాట తీస్తుంది. "మీ మామ ఆ దినం రాకపోతే, నువ్వు మీ నాయిన మొఖం సూడకపోదువు బిడ్డా." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నా కాళ్ళకు దండం పెట్టబోతుంది. నేను గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంటాను. మామకు పొగడ్తలంటే సిగ్గు అని అందరూ నవ్వుకుంటారు.